ఐదు కిలోల బాటు

మా చిన్నాయిన ఐదువందలు ఇస్తానన్న, తూకం వేసే ఇనుప బాటును పాత సామాన్ల బండివాడికి ముప్పై ఎనిమిది రూపాయలకు అమ్మాను. మేడ్చల్ బజారులో ఇంతటి బేరం చేసినవాళ్లు ఇంకొకరుంటే చూపించండి. కిరాణా కొట్టు గల్లా పక్కన పెరిగినదాన్ని, ఊరికే అమ్మలేదు. కిలోకు ఆరు రూపాయలన్న మనిషిని ఎనిమిది దాకా లాగి మరీ అమ్మాను.

నాయిన పోయిన ఏడాదికి కొట్టూ, దాని వెనకున్న ఇల్లూ అమ్మేశాం. అమ్మా నేనూ శామీర్‌పేటలో రెండు గదుల ఇంటికి మారాలి. బెల్లం వాసన వదలని డబ్బాలు, చాక్లెట్ల గాజు సీసాలు, గుమ్మడికాయంత పురికొస ఉండ. అమ్మ ఒక్కొక్కటీ ఒళ్లో పెట్టుకుని తుడిచేది, నేను లాక్కుని గడప బయట పెట్టేదాన్ని. ఐదు కిలోల బాటును మాత్రం పక్కన ఉంచాను. పొద్దున బోణీకి ముందు నాయిన దాన్ని తాకి, చెయ్యి కళ్లకద్దుకునేవాడు.

ఆ సాయంత్రం చిన్నాయిన రోడ్డు దాటి వచ్చాడు. నాయినకు సొంత తమ్ముడు. తొంభైల మొదట్లో మా కొట్లోనే కూర్చునేవాడు. ఒకనాడు గిరాకీ నిండుగా ఉండగా తక్కెడ వదిలేసి, "అన్నా, ఇగ నీ కొట్ల నేను జోక. నాతోని గాదు" అని లేచిపోయాడు. నెల తిరక్కుండా ఎదురుగా తన కొట్టు తెరిచాడు. మా గిరాకీ సగం అటు నడిచింది. నాయిన చచ్చేదాకా ఆ రోడ్డు దాటలేదు. ఆ కొట్టు మూతపడాలని పదిహేనేళ్లు రోజూ మొక్కుకున్నాను. ఒక్క కొబ్బరికాయైనా ఖర్చుపెట్టలేదు గనుకే మొక్కు తీరలేదేమో.

"బిడ్డా, గా ఐదు కిలోల బాటు నాకియ్యి. అన్న గుర్తు" అన్నాడు.

"పదిమందిల అన్న ఇజ్జత్ దీసినోనికి గుర్తెందుకు చిన్నాయినా?"

"ఐదువందలిస్త."

"ఐదువేలిచ్చినా ఇయ్య. పాత ఇనుం కింద అమ్ముత. నీ కండ్ల ముంగట్నే అమ్ముత."

"ఇచ్చెయ్యవే, పీడ పోతది" అంది లోపల్నుంచి అమ్మ. చిన్నాయిన మళ్లీ రోడ్డు దాటి వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది.

తెల్లారి బండివాడు వచ్చాడు. కొనేవాడి బాటు బరువుగా ఉంటుందని నాకు తెలియదా? వాడి తక్కెడలో ఒక పళ్లెంలో వాడి ఐదు కిలోల బాటు, ఇంకోదాంట్లో మాది పెట్టించాను. వాడిదే కిందికి దిగింది.

"దొంగ బాటు పెట్టుకుని తిరుగుతున్నవా?" అని గొంతు చించుకున్నాను.

"సర్కారు ముద్ర జూడక్కా! నీదే కమ్మీ ఉంది. ఎదురుంగ కొట్ల తూకం మిషినుంది, నడు జూద్దాం."

నాకు అంతకన్నా ఏం కావాలి! నాయిన బాటు నికార్సైనదని చిన్నాయిన మిషిన్ మీదే, ఆయన నోటితోనే చెప్పిస్తాను. బాటు చంకన పెట్టుకుని రోడ్డు దాటాను.

చిన్నాయిన అప్పుడే ఒకామెకు పప్పు జోకి ఇచ్చాడు. నా చేతిలో బాటు చూడగానే మిషిన్ మీద అరచెయ్యి ఆనించాడు. "కరాబైంది బిడ్డా. పనిజేస్తలేదు."

చెయ్యి నెట్టేసి బాటు పెట్టాను. నాలుగు కిలోల ఏడువందల యాభై. తీసి మళ్లీ పెట్టాను. అదే అంకె.

బండివాడు బాటు తిప్పి అడుగునున్న గుంత చూపించాడు. "గీడ సీసం ఉండాలె అక్కా. తీసేసి లక్క నింపిండ్రు."

"చెప్పిన గద మిషిన్ కరాబైందని!" చిన్నాయిన అందరికీ వినబడేలా అరిచాడు. "పొద్దుగాల్నుంచి తప్పు జూపిస్తాంది."

"అయితే నాకు జోకింది గూడ తప్పేనా సేటూ?" అంటూ ఆమె పప్పు పొట్లం గల్లా మీద పెట్టేసింది.

ఆ బాటు ఆయనకెందుకో, ఆనాడు మా తక్కెడ ఎందుకు వదిలేశాడో అప్పుడు అర్థమైంది. అది అంగట్లో తూకానికి రాకుండా ఉండడానికి ఐదువందలు. పదిహేనేళ్లు నేను తిడుతుంటే పడ్డాడు, అన్న మీద ఒక్క మాట అనలేదు. ఇప్పుడు సొంత మిషిన్‌నే తప్పుపడుతున్నాడు.

"మిషిన్ మంచిగనే ఉందమ్మా" అన్నాను. "మా బాటే తప్పు. నాయిన గిట్లనే జోకిండు."

"నోర్ముయ్యి!" అన్నాడు చిన్నాయిన. ఆయన నన్ను కసరడం అదే మొదలు.

"గందుకేనా, మీ తాన కొన్న బియ్యం జల్దీ ఒడుస్తుండె!" అంది ఆమె, పొట్లం మళ్లీ సంచిలో వేసుకుంటూ.

బాటు బండివాడికే అమ్మేసి, ఆ మిషిన్ మీదే నాకు ఐదు కిలోల బియ్యం జోకమన్నాను. చిన్నాయిన తల ఎత్తకుండా జోకాడు, చివర్లో ఇంకో గుప్పెడు వేశాడు.

బాటుకు వచ్చింది ముప్పై ఎనిమిది. బియ్యానికి తొంభై, చెప్పిన ధరకే. చేతి నుంచి పడింది యాభై రెండు. వదులుకున్న ఐదువందలు వేరే. ఐదు కిలోలకు పావు కిలో చొప్పున ఊరికి బాకీ ఉంది, అది ఎన్ని బస్తాలో నాకు లెక్క అందలేదు. ఆ గుప్పెడు బియ్యం కూడా చిన్నాయినకు బాకీయే.