ఫైనల్ రోజు వచ్చిన ఫోను

మూడేళ్లు నేను మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఉన్నాను. ఆడిన దానికంటే బెంచీ మీద కూర్చున్నదే ఎక్కువ. అందుకేనేమో, మా కోచ్ మేడమ్ గురించి జట్టులో అందరికంటే నాకే ఎక్కువ తెలుసు. ఆడేవాళ్లు బంతిని చూస్తారు. నేను పక్కన కూర్చుని మేడమ్‌ని చూశాను. చాటుగా మేమంతా ఆమెను 'ఈల' అనేవాళ్లం. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినట్టు ఎప్పుడూ బయటపడలేదు.

ఆమె తండ్రి దర్జీ. ఇద్దరు ఆడపిల్లల్లో ఈమె చిన్నది. ఇదే కాలేజీలో చదివి, ఇదే సిమెంటు కోర్టు మీద ఆడి, తర్వాత ఒక స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేరారు. ముప్పయ్యో ఏట కాలేజీ నుంచి కబురు వచ్చింది. పాత కోచ్ మానేశారు. జట్టును ఉంచాలా, ఎత్తేయాలా అని ప్రిన్సిపాల్ తేల్చుకోలేకపోతున్నారు.

"ఒక్క ఏడాది చూద్దాం," అన్నారు ప్రిన్సిపాల్.

"మూడేళ్లు ఇవ్వండి," అన్నారు మేడమ్. "మొదటి ఏడు చిత్తుగా ఓడతాం. రెండో ఏడు కాస్త మర్యాదగా ఓడతాం. మూడో ఏడు మీరే చూద్దురుగాని."

మొదటి మ్యాచ్‌లో వాళ్లకి డెబ్భై ఒకటి, మావాళ్లకి తొమ్మిది. ఆ తొమ్మిదిలో రెండు పాయింట్లు ఎదుటి జట్టు పిల్ల కంగారులో తన బాస్కెట్‌లోనే వేసుకున్నవి. మేడమ్ ఇంటికొచ్చి, తండ్రి గుండీల డబ్బా భోజనాల బల్ల మీద బోర్లించారు. ఐదు నల్ల గుండీలు మావాళ్లు, ఐదు తెల్ల గుండీలు అవతలివాళ్లు. ఎవరు ఎటు పరిగెత్తి ఉంటే ఏమయ్యేదో జరిపి చూసుకుంటూ కూర్చున్నారు. తర్వాత పాతికేళ్లు ఆ బల్ల మీద భోజనం చేసిన రోజులు తక్కువ. కంచం ఒళ్లో పెట్టుకుని తినేవారు.

మూడో ఏడు సెమీఫైనల్ దాకా వెళ్లారు. నాలుగో ఏడు కప్పు వచ్చింది. ఏడో ఏడు జట్టులోకి 'పిట్ట' వచ్చింది.

పిట్ట అని పేరు పెట్టింది తోటిపిల్లలే. మనిషి పొట్టి. పొడుగు పిల్లల చేతుల కింద నుంచి దూరి, వాళ్లు కిందికి చూసేలోపు బంతి వేసేసేది. తండ్రి లేడు. తల్లీ, మేనమామా పెంచారు. మేడమ్ మొదటిసారి ఒక పిల్లని ఇంటికి పిలిచి గుండీలు చూపించింది పిట్టకే. పిట్ట ఒక్క చూపు చూసి, ఒక నల్ల గుండీని అంగుళం పక్కకి జరిపిందట. "నేనైతే ఇక్కడుంటా మేడమ్," అందట. మేడమ్ ఆ మాట నాకు చెప్పేటప్పుడు బల్ల మీద లేని గుండీని వేలితో జరిపి చూపించారు.

పిట్ట చివరి ఏడాది ఫైనల్ వేరే ఊళ్లో జరిగింది. సెల్‌ఫోన్లు లేని రోజులు. పొద్దున తొమ్మిదింటికి జట్టు దిగిన హాస్టల్ ఆఫీసుకి ఫోను వచ్చింది. పిట్ట మేనమామ.

"అక్కకి బాలేదండీ. హాస్పిటల్లో చేర్చాం. అమ్మాయిని వెంటనే పంపించండి."

మ్యాచ్ మూడింటికి. పదకొండింటి బస్సెక్కితే పిట్ట మూడింటికల్లా తల్లి దగ్గర ఉంటుంది. ఆ లెక్క మేడమ్‌కి అప్పుడే తట్టింది. తట్టలేదని ఆవిడ ఎప్పుడూ అనలేదు.

"సాయంత్రం మొదటి బస్సుకి పంపిస్తానండీ," అన్నారు.

"సాయంత్రమా?" అన్నాడాయన. కోచ్‌తో వాదించడం ఎలాగో తెలియని మనిషి. "సరేనండీ," అని పెట్టేశాడు.

మూడు పాయింట్ల తేడాతో గెలిచారు. ఇరవై నాలుగు పాయింట్లు పిట్టవే. ఆట అయిపోగానే పరిగెత్తుకొచ్చి మేడమ్ నడుము చుట్టేసింది. జట్టంతా అరుస్తోంది. మేడమ్ ఆ చేతులు విడిపించి, పక్కకి తీసుకెళ్లి చెప్పారు.

"మీ అమ్మకి బాలేదట. మీ మామయ్య ఫోన్ చేశారు."

"ఎప్పుడు?"

ఇప్పుడేనని చెప్పి ఉండొచ్చు. ఎవరూ కాదనేవాళ్లు లేరు. "పొద్దున," అన్నారు మేడమ్.

పిట్ట కింద కూర్చుని బూట్లు విప్పి, చెప్పులు వేసుకుని, బ్యాగు భుజాన తగిలించుకుంది. మేడమ్ బస్టాండు దాకా వెంట వెళ్లారు. దారిలో పిట్ట రెండడుగులు ముందే నడిచింది. తల్లి నాలుగున్నరకే పోయింది. అప్పటికి మ్యాచ్ చివర్లో ఉంది.

పిట్ట పరీక్షలకి వచ్చింది, రాసింది, వెళ్లిపోయింది. కోర్టు వైపు రాలేదు. తప్పంతా మేడమ్‌దేనని ఎవరికీ చెప్పలేదు కూడా. చెప్పి ఉంటే బాగుండేదని మేడమ్ అనుకునేవారు. ప్రతి ఏడూ ఒక ఉత్తరం రాశారు. ఒక్కదానికీ జవాబు రాలేదు.

కప్పులు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఎనిమిది, తొమ్మిది, పది. పేపర్లో ఫోటోలు పడ్డాయి. ఆ ఫోటోలన్నీ వరసగా చూస్తే ఒక విషయం కనబడుతుంది. ఎప్పుడూ పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలే. ఏటా జుట్టు నెరుస్తున్నది ఒక్క మేడమ్‌కే. మూడేళ్లు తెల్లవారకముందే లేచి ఆమె ఈలకి పరిగెత్తిన పిల్లలు, వెళ్లేరోజు కావలించుకుని ఏడ్చి, ఆ తర్వాత పెళ్లి పత్రికలో, ఉద్యోగం కబురులో ఒకసారి కనబడి మాయమయ్యేవాళ్లు. ప్రాక్టీసు లేని ఆదివారం ఆమెకు గడిచేది కాదు. కాలేజీకి వెళ్లి, స్టోర్‌రూమ్ తాళం తీసి, బంతుల్లో గాలి సరిగ్గా ఉందో లేదో ఒక్కొక్కటే నొక్కి చూసేవారు.

అక్క ఫోను చేసి దెప్పేది. "ఇంతమంది ఆడపిల్లలున్నారు కదే నీకు! ఒక్కదాని పెళ్లీ చెయ్యక్కర్లేదు, ఒక్కదాని పురుడూ పొయ్యక్కర్లేదు. హాయిగా ఉంది నీ పని!"

"అవునక్కా," అనేవారు మేడమ్.

నా రెండో ఏడు సెమీఫైనల్ సంగతి చెప్పాలి. మా జట్టుకి ప్రాణం 'నిచ్చెన'. ఆరడుగుల పిల్ల. ఇంకా నాలుగు నిమిషాలుంది, రెండు పాయింట్లు ముందున్నాం. మేడమ్ ఫోను మోగింది. మ్యాచ్ మధ్యలో ఫోను ఎత్తే కోచ్‌ని నేను ఇంకెక్కడా చూడలేదు. పిల్లల ఇళ్ల నుంచి ఎప్పుడు ఫోనొచ్చినా ఆమె ఎత్తేవారు. మాట్లాడుతూనే టైమవుట్ అడిగారు.

"నిచ్చెనా, మీ నాన్న పడ్డారట. హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. బయట నేను మాట్లాడి ఉంచిన కారుంది, బయల్దేరు."

"నాలుగు నిమిషాలే కదా మేడమ్! ఆడేసి వెళ్తా."

"వెళ్లమంటున్నానా!" అని అరిచారు. ఆ గొంతు మేమెప్పుడూ వినలేదు. నిచ్చెన ఏడుస్తూ వెళ్లిపోయింది. మేడమ్ నా వైపు తిరిగి, "లే," అన్నారు.

లేచాను. వేసిన మూడు బంతులూ రింగుకి తగిలి బయటికొచ్చాయి. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

తీరా చూస్తే నిచ్చెన వాళ్ల నాన్నకి మణికట్టు విరిగింది, అంతే. కూతురు చేరేసరికి కట్టు కట్టించుకుని టీ తాగుతున్నాడు. "నేనెళ్లి ఏం చేయాలి మేడమ్, టీ కప్పు పట్టుకోవాలా?" అని నిచ్చెన అందరి ముందూ అడిగేసింది. ప్రిన్సిపాల్ పిలిచి సంజాయిషీ అడిగారు. మేడమ్ ఎవరికీ ఏమీ చెప్పలేదు. పిల్లలు నెల్లాళ్లు ఆమెతో ముభావంగా ఉన్నారు.

నాకు మాత్రం చెప్పారు, ఆ రోజే, తిరుగు రైల్లో. నావల్లే ఓడిపోయామని నేను ఏడుస్తుంటే నా పక్కన కూర్చుని పిట్ట కథంతా చెప్పారు. చెప్పి, "ఇందులో నీ తప్పేం లేదే, ముక్కు తుడుచుకో," అన్నారు. నిచ్చెనకి కూడా ఇది చెప్పొచ్చుగా అన్నాను. "చెబితే నన్ను చూసి జాలిపడుతుంది. కోపమే నయం," అన్నారు.

రిటైరైన మర్నాడు కూడా అలవాటుగా అయిదున్నరకే కోర్టుకి వెళ్లారు. కొత్త కోచ్ మర్యాద తెలిసిన అమ్మాయి. పరిగెత్తుకెళ్లి కుర్చీ తెచ్చి, "కూర్చోండి మేడమ్," అంది. పాతికేళ్లకు పైగా ఆమె ఆ కోర్టు పక్కన కుర్చీలో కూర్చోలేదు. ఆ పూట పది నిమిషాలు కూర్చుని వచ్చేశారు. మళ్లీ వెళ్లలేదు.

ఆ నెలలోనే పిట్ట దగ్గరకి వెళ్లారు. పిట్టకి కళ్లజోళ్ల దుకాణం ఉంది. మేడమ్ లోపలికి వెళ్లేసరికి ఎవరికో కొత్త జోడు పెట్టి చూస్తోంది. తలెత్తి చూసింది, గుర్తుపట్టింది. ఆ మనిషి చెవుల దగ్గర జోడు సరిచేసి, అద్దం చూపించి, పంపించి, అప్పుడు కుర్చీ చూపించింది.

"ఉత్తరాలు అందాయా?" అన్నారు మేడమ్.

"అన్నీ చదివాను."

"జవాబు రాయలేదు."

"ఏమని రాయను మేడమ్? ఫర్వాలేదని రాస్తే అబద్ధం."

మేడమ్ తల ఊపారు.

"మీ మీద కోపం ఎప్పుడో పోయింది," అంది పిట్ట. "అసలు బాధ అది కాదు. ఆ రోజు ఆడినట్టు నేను మళ్లీ ఆడలేదు. అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు. అప్పుడే అక్కడ అమ్మ నా కోసం తలుపు వైపు చూస్తోందట. మామయ్య చెప్పాడు. ఆ సంతోషాన్ని ఏం చేసుకోవాలో నాకిప్పటికీ తెలీదు."

"నేను చూసిన ఆటలన్నిట్లో అదే గొప్పది," అన్నారు మేడమ్. అన్నాక, ఎందుకన్నానా అనిపించిందట.

"తెలుసు," అంది పిట్ట.

దుకాణం షట్టర్ సగం దించి, బస్టాపు దాకా వచ్చింది. ఈసారి పక్కపక్కనే నడిచారు. బస్సు రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఈ మధ్య కళ్లు పరీక్ష చేయించుకున్నారా అని అడిగింది. చేయించుకోలేదన్నారు మేడమ్. చేయించుకోండి అంది. బస్సు వచ్చింది.

ఇదంతా మొన్న నేను వెళ్లినప్పుడు చెప్పారు. రెండు మూడు నెలలకోసారి వెళ్తుంటాను. అన్నిసార్లూ ఫోను చేసి వెళ్లను. ఎప్పుడు వెళ్లినా ఇంట్లోనే ఉంటారు.

"మళ్లీ వెళ్తారా మేడమ్?" అని అడిగాను.

"రమ్మనలేదుగా," అన్నారు.

నేను గడియారం చూసుకున్నాను. "ఇంకాసేపు కూర్చోవే, టీ పెడతాను," అన్నారు. మా పాపని స్కూలు నుంచి తెచ్చుకోవాల్సిన టైమైంది. ఇంకోసారి వస్తానని చెప్పి లేచాను.