శకుంతల పెద్దమ్మ నేర్పిన అతుకు

పోయినవారిని తన పాదాల చెంత, ఉన్నవారిని తన నీడలో ఉంచుకునే వేంకటేశ్వరునికి ముందుగా నమస్కారం. ఆయన దయ లేనిదే ఏ జ్ఞాపకమూ నిలవదు.

ఈ ఉదయం పొయ్యి మీద కాగితాలు అతికించే మైదా లై ఉడుకుతుంటే ఆ పిండి వాసనకు శకుంతల పెద్దమ్మ ఎదురుగా కూర్చున్నట్టే అనిపించింది. ఆమె హుస్సేనీ ఆలం బస్తీలో మా పక్కింటావిడ, మా భజన మండలికి పెద్ద. దేవుడి బొమ్మ ఉన్న పెళ్ళిపత్రికలను చెత్తలో వేయలేక అందరూ ఆమెకే తెచ్చి ఇచ్చేవారు. ఆమె బొమ్మలు కత్తిరించి లావుపాటి పుస్తకంలో అతికించి, పక్కన అది ఎవరి పెళ్ళో, అక్కడ మండలి ఏం పాడిందో రాసేది. "పెండ్లోళ్ళు మర్చిపోయిన్రు గని నా బుక్కు మర్వలే" అని నవ్వేది.

అమ్మ పోయిన నెలకు, ఊరికే కూర్చుంటున్న నన్ను చూసి పెద్దమ్మ ఒక ఖాళీ పుస్తకం చేతిలో పెట్టింది. నేను అమ్మ పెట్టెలోని ఒక పెళ్ళిపత్రికలోంచి స్వామి బొమ్మ కత్తిరించి, వెనకంతా లై పూసి, పుస్తకంలో అరచేత్తో గట్టిగా అద్దాను. మిగిలిన ముక్కను తిప్పి చూశాను. అమ్మ స్వయంగా కట్టిన మంగళహారతి, ఆమె చేతిరాతలో, సగమే ఉంది; మిగతా సగం నేను అతికించిన బొమ్మ వెనక. మా మండలి ఆడవాళ్ళు పత్రికల వెనక తెల్లటి చోట పాటలు రాసుకుంటారు. అది తెలిసీ నేను చూడలేదు. అమ్మ రాసినది ఇంట్లో ఇంకొకటి లేదు.

పుస్తకం పట్టుకొని పక్కింటికి పరుగెత్తాను.

"ఏందే పిల్లా, గా ఏడుపేంది?"

"అమ్మ పాటను నేనే అంటువెట్టిన పెద్దమ్మా!"

"ఫికర్ చేయకు. మైదా లై తడికి లొంగుతది. గమ్ము పెట్టి ఉంటే నీ స్వామి గూడ ఊడి రాకపోతుండె."

తడిగుడ్డ పరిచి, రామనామం చెబుతూ, స్కేలు అంచుతో బొమ్మను వెంట్రుకవాసి చొప్పున లేపింది. బాల్‌పెన్ను అక్షరాలు నిలిచాయి. ఒక్క చరణం మాత్రం కాగితంతోపాటు నలిగి చిరిగిపోయింది. మండలిలో అమ్మతో కలిసి పాడింది కనుక అది ఆమెకు కంఠస్థం. చెబితే రాసుకుందామని నేను కలం తీస్తే చేయి పట్టుకుంది.

"రాయకు బిడ్డా. గా జాగ మీ అమ్మది, ఖాళీగనే ఉండనియ్. గా చరణం నోటితోని పాడు, యాదుంటది."

తర్వాత రెండు ముక్కలనూ కలిపి, ఒక్క అంచుకే లై రాసి, తలుపు రెక్కలా తెరుచుకునేలా అతికించింది.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. శనివారాలు మా ఇంటికి వచ్చి కొత్తగా పుస్తకం మొదలుపెట్టేవారికి నా మొదటి మాట ఒకటే: ముందు వెనక్కి తిప్పి చూడండి. అమ్మ పాట ఉన్న పేజీ తెరిచినప్పుడల్లా ఖాళీ దగ్గర ఆగి, పెద్దమ్మ నేర్పిన ఆ చరణం పాడతాను. ఒక్క మాటా తప్పలేదు.

మీ ఇంట్లోనూ ఎవరి చేతిరాతో ఉండే ఉంటుంది. వారిని తలచుకొని నాతోపాటు చేతులు జోడించండి: స్వామీ, మా చేతులకు ఓపిక ఇవ్వు. కాగితం నిలుపుకోలేనిదాన్ని మా నోట నిలుపు.