నా బొమ్మ కింద వాళ్ళ మాటలు

ఖతార్‌లోని ఉమ్ సలాల్‌లో నేను ఇంటి డ్రైవర్ని. నా డ్యూటీలో బండి నడపడం తక్కువ, కాచుకుని కూర్చోవడం ఎక్కువ. మేడం మాల్‌లోకి వెళ్తే ఎప్పుడొస్తుందో చెప్పలేం. అంతసేపూ టిష్యూ డబ్బాల అట్ట చించి బొమ్మలు గీస్తుంటాను. చిన్నప్పుడు మా కడప వైపు సెలూన్లో పాత వారపత్రికలు పట్టుకుని, కథలు వదిలేసి కార్టూన్లే చూసేవాణ్ణి. వాటిలో గల్ఫ్ మనిషంటే ఒకటే బొమ్మ: నల్లకళ్ళద్దాలు, సెంటు, తాళ్ళు బిగించిన పెద్ద డబ్బా, ఆ డబ్బా మీదే కళ్ళున్న పెళ్ళాం. అప్పుడు నేనూ నవ్వాను. ఇక్కడికొచ్చాక అది గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

అదే ఇంటి వెనక మేకల్ని చూసుకునే జగిత్యాల తమ్ముడు నా గదిలోనే ఉంటాడు. ఒక సాయంత్రం షెడ్డు గోడెక్కి ఫోన్ ఆకాశానికి ఎత్తి పట్టుకున్నాడు. ఫోన్లో వాళ్ళ పాప, ఇప్పుడిప్పుడే బడికి పోతున్న పిల్ల, కదిలే పన్ను చూపిస్తోంది. నెట్ పోయి ఫోన్లో బొమ్మ ఆగిపోయింది.

"ఆగు బిడ్డా, నెట్టొచ్చినంక ఊడగొట్టుకో," అని అరిచాడు.

నేను పడీపడీ నవ్వాను. వాడూ నవ్వాడు. ఆ తర్వాత చాలాసేపు మేకల దగ్గర్నుంచి రాలేదు.

అదే గీశాను. కింద వాడి మాటే రాశాను. "మీసాలు మంచిగెయ్యి అన్నా," అన్నాడు, పుస్తకంలో పడతానని ఇంటికి కూడా చెప్పుకున్నాడు. దోహాలోని మన తెలుగువాళ్ళ సంఘం ఉగాది సంచికకు దాన్ని ఫోన్లో పంపాను. సంచిక చూసేది ఒక పెద్ద ఇంజనీరు. "బాగుంది బాబూ," అని జవాబిచ్చాడు.

సంచిక ఫోన్లోకి వచ్చింది. మీసాలు నేను గీసినవే, మేకలూ నావే. మాటలు మాత్రం మార్చేశారు. పాప అంటోంది: "అమ్మా, ఫోన్లో ఎవరో అంకుల్!" బొమ్మలో లేని తల్లి జవాబు: "ఎవరైతే నాకేం, పార్సెల్ ఎప్పుడు పంపుతాడో అడుగు."

పక్క పేజీల్లో సంఘంవాళ్ళు తమ మీద తాము వేసుకున్న కార్టూన్లున్నాయి. కారు ఎక్కడ పెట్టాడో మర్చిపోయిన మేనేజరు, డైటింగ్ మొదలుపెట్టి బిర్యానీ తినే ఆవిడ. ఎంత సున్నితంగా గీసుకున్నారో. ఆశపోతు ఆడది మాత్రం మా ఇళ్ళలోనే దొరికింది వాళ్ళకు.

ఇంజనీరుకు ఫోన్ చేశాను.

"నీ మాటల్లో పంచ్ లేదు బాబూ. పన్ను ఊడటంలో నవ్వేముంది? హాస్యాన్ని హాస్యంగా తీసుకోవాలి," అన్నాడు.

"నవ్వు మీది, మొహం మావాడిది సార్. మీ పక్క ఫ్లాటాయన మొహం పెట్టి ఆయన భార్య మీద ఇట్లా వేస్తారా?"

మీటింగ్‌లో ఉన్నానంటూ పెట్టేశాడు. ఆ పూట ఆ మనిషి ఎదురుగా ఉంటే ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు.

గదికి వెళ్ళేసరికి తమ్ముడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆ పేజీ అప్పటికే వాళ్ళ ఊరి గ్రూపుల్లో తిరిగింది. పాపకు చదవడం రాదు కదా, మీసాలు చూసి "మా నాయిన" అని ఎగిరిందట. తల్లికి చదవడం వచ్చు. మొగుడే తన మీద ఇట్లా చెప్పి వేయించాడనుకుంది. అప్పట్నుంచి ఫోన్ ఎత్తడం లేదు.

"నేను జెప్తె నమ్మది. నువ్వే జెప్పన్నా," అన్నాడు.

నా అట్టముక్కను, దాని కింద వాడి అసలు మాటతో సహా ఫోటో తీసి, వాడిచ్చిన ఆమె నంబరుకు పంపాను. కాసేపటికి ఆమే ఫోన్ చేసింది. మాటలు ఎవరు మార్చారో చెప్పాను.

"ఊరంత నవ్విన్రన్నా," అంది. "పార్సెల్ నేనెన్నడన్న అడిగిన్నా? పొల్ల పన్ను ఊడింది. పారెయ్యలే, పసుపుగుడ్డల కట్టి దాసిన, ఆయనొస్తె సూపిద్దామని. అదిగూడ బొమ్మేసి పంపు ఆ పుస్తకపోళ్ళకు."