వెనక గేటుకు వెళ్ళిన లాయరమ్మ

మీసాల మామ అంటే ఆ వీధిలో తెలియనివారు లేరు. ఐదంతస్తుల మేడకు గేటు కాపలా. చదివింది పల్లెటూరి బడిలో ఐదో తరగతి వరకే గానీ, చదివినన్నాళ్ళూ నోటిలెక్కల్లో ఆయనే ఫస్టు. తనిఖీకి పెద్ద అధికారి వచ్చినప్పుడు చెయ్యెత్తి జవాబు చెప్పింది క్లాసంతటికీ ఆయనొక్కడే. కాపలాకు కుదిరాక ఇద్దరు దొంగల్ని పట్టాడు; అందులో ఒకణ్ణి చెప్పుల చప్పుడు విని పట్టాడు. లిఫ్టు చెడిపోయిన రోజున కాలు విరిగిన పెద్దావిడను పై అంతస్తు నుంచి వీపున మోసి దించాడు. ఇవి గొప్పలు కావు, జరిగినవి. అడిగినవారికీ చెబుతాడు, అడగనివారికీ చెబుతాడు.

అంతటి మనిషి మీసాలకు మహమ్మారి మూత వేసింది.

అందరూ మాస్కు పెట్టుకోవాలన్నది సర్కారువారి నియమం. నియమం అందరిదీ, తిప్పలు మాత్రం కొందరివి. ముందు గేటు దగ్గర కార్లు దిగేవారి మాస్కు గడ్డం కింద ఉయ్యాల ఊగేది, లేదా జేబులో కునుకు తీసేది. వెనక గేటున వచ్చే వంటవాళ్ళకూ, పాచిపని వాళ్ళకూ ముక్కు మీద గుడ్డ కాస్త జారిందో, మేడ సంఘం సెక్రటరీ బాల్కనీలోంచి కేకేసేవాడు.

"మామా, వాళ్ళని బాగా చూసి పంపు. ఆ ఇరుకు కొంపల్లోంచే వస్తోంది రోగమంతా!"

తనూ ఆ ఇరుకు కొంపల్లోనే ఉంటానని మామ గుర్తుచేసేవాడు కాదు. సొంత చెల్లెలు కూడా ఆ వెనక గేటునే వచ్చేది. భర్త పోయాక అన్న పంచన చేరి, నాలుగో అంతస్తులో లాయరుగారి భార్య లాయరమ్మ ఇంట్లో వంటకు కుదిరింది. చిన్ననాటి నుంచీ ఆయాసం మనిషి. ఈ రోగం తగిలితే ఊపిరి నిలవదని డాక్టరు ముందే హెచ్చరించాడు. అందుకే ఆమె మాస్కు మామే స్వయంగా బిగించి పంపేవాడు.

"వదులు చెయ్యన్నయ్యా! రోగం కంటే ముందు నువ్వే చంపేట్టున్నావు."

"నోరు మూసుకో."

"నువ్వు మూసేశావుగా, ఇంకేం మూసుకోను!"

రోజులు గడిచేకొద్దీ మామ కంటికి ఒక అలవాటు పట్టుకుంది. మాస్కుంటే పనిమనిషి, లేకుంటే ఇంటి మనిషి. ఒకరోజు ఉదయం ఆ లెక్క తప్పింది. ముక్కు దాకా మాస్కు, నలిగిన చీర, చేతిలో సంచీతో ఒకావిడ ముందు గేటులోంచి వస్తోంది.

"ఏమ్మా, కొత్తా? పనివాళ్ళకి వెనక గేటు. అటు తిరుగు!" అని గద్దించాడు.

ఆవిడ కళ్ళెత్తింది. లాయరమ్మ!

స్కూటరు కాస్త వంకరగా పెడితే మేడ దద్దరిల్లేలా అరిచే మనిషి ఆవిడ. ఇంకేముంది, ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాడు మామ. లాయరమ్మ మాత్రం పల్లెత్తు మాట అనలేదు. తల వంచుకుని వెనక గేటుకే వెళ్ళింది. లిఫ్టు ఉండగా మెట్లెక్కింది.

తిట్టి ఉంటే మామ ఆ సంగతి అక్కడితో మరిచిపోయేవాడు. తిట్టకపోవడమే ముల్లులా దిగబడింది. మేడలో ఎవరూ పెట్టని మాస్కు ఈవిడే ఎందుకు పెట్టింది? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆ నడకేమిటి? తల పైకెత్తి చూశాడు. నాలుగో అంతస్తులో ఒక కిటికీకి తెర దించి ఉంది. కింద లాయరుగారి కారు దుమ్ము కొట్టుకుని ఉంది.

ఇంటికి వెళ్ళే వేళ చెల్లెల్ని ఆపాడు.

"సారు ఇంట్లో ఉన్నాడా?"

"ఊరెళ్ళారంది అమ్మగారు. ఆయన గదికి తాళం."

"గిన్నెలు తగ్గాయా మరి?"

"తగ్గడమా! సారు కంచం కూడా రోజూ పడుతూనే ఉంది..." చెల్లెలు మాట మధ్యలో ఆగిపోయింది.

మామ మెట్లెక్కి లాయరమ్మ తలుపు తట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు. తలుపు జానెడు తెరుచుకుంది.

"అమ్మా, సారు ఏ ఊరెళ్ళారు?"

ఆవిడ నోరు తెరిచేలోగా లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. ఆగి ఆగి, తెరలు తెరలుగా.

"ఇవాళ కాస్త నయం మామా," అంది లాయరమ్మ, గొంతు తగ్గించి. "బయటికి పొక్కితే మమ్మల్ని వెలేస్తారు. సెక్రటరీగారికి చెప్పాను. మేడ పరువు పోతుంది, గుట్టుగా ఉండండి అన్నారు."

"మీకు పోయేది పరువమ్మా. మా చెల్లికి ఊపిరి. వీధిలోవాళ్ళ కోసం ముక్కు మూసుకున్నారే, మీ వంటింట్లో ఉన్న మనిషి గుర్తు రాలేదా?"

తలుపు మెల్లగా మూసుకుంది.

మర్నాడు మామ చెల్లెల్ని గడప దాటనివ్వలేదు. వెనక గేటు దగ్గర నిలబడి, వచ్చినవారికల్లా ఒకటే మాట చెప్పాడు. "నాలుగో అంతస్తులో రోగముంది. సెక్రటరీకి తెలుసు. మనకి చెప్పలేదు. తెలిసి వెళ్తానంటే వెళ్ళండి." ఒక్కరూ లోపలికి పోలేదు. ఎండెక్కేసరికి మేడలో గిన్నెలు గిన్నెల్లోనే, చెత్త గుమ్మాల్లోనే ఉండిపోయాయి.

సెక్రటరీ మాస్కు లేని బోడి మొహంతో దూసుకొచ్చాడు.

"ఎవడ్రా వీళ్ళకి చెప్పింది?"

"నేనేనండి. కాస్త దూరంగా ఉండి మాట్లాడండి. మీరు నాలుగో అంతస్తుకు ఎన్నిసార్లు వెళ్ళొచ్చారో మాకేం తెలుసు!"

పనివాళ్ళు ఒక్కసారిగా వెనక్కి జరిగారు. పురుగును చూసినట్టు తనను చూస్తున్న అన్ని కళ్ళ మధ్య సెక్రటరీ చెయ్యి జేబులో మాస్కు కోసం తడుముకుంది. దొరకలేదు.

"రేపట్నించి పనిలోకి రావద్దు!" అన్నాడు, అరచేయి మూతికి అడ్డం పెట్టుకుని.

ఇంటి గుమ్మంలోనే చెల్లెలు పట్టుకుంది.

"నా పని పోగొట్టావు, నీ పని పోగొట్టుకున్నావు, దొంగల్ని పట్టానని చెప్పుకుంటూ తిరిగినవాడివి ఇప్పుడేం పట్టావు, రేపు పొయ్యి మీద నీ మీసాలు వండుకుందామా, ఆవిడ ఎంతైనా నాకు అన్నం పెట్టిన మనిషి, చెప్పే పద్ధతంటూ ఒకటుంటుందా లేదా..."

మామ ఆమె మాటలు వినడం లేదు. ఆ మాటల మధ్య ఎక్కడైనా ఎగశ్వాస వస్తుందేమో, గొంతులో పిల్లికూత తగులుతుందేమోనని దూరంగా నిలబడి, చెవులు రిక్కించి అనుమానంగా వింటున్నాడు.

"ఏంటలా చూస్తావు?"

"ఆపకు. ఇంకాస్త తిట్టు," అన్నాడు మామ.