దిబ్బ దాటి వచ్చే సూర్యుడు

"తెల్లారేముందే పోసుకోవల్ల. సూర్యుడొచ్చినాక పోసుకుంటే అది ఒట్టి స్నానమే."

"ఒట్టి స్నానమే పోసుకో. ఎండొచ్చినాక లోపలే వేడినీళ్లు పోస్తాను."

"రథసప్తమి నాడు లోపలా? జిల్లేడాకులు నెత్తిన పెట్టుకోని గోడకు మొక్కల్నా?"

"గోడకే మొక్కు. ఈసారి చలి తగిలితే లేచేది లేదని డాక్టరమ్మ చెప్పింది నీ చెవిన పడలేదా?"

"ఆయమ్మ గనిలోకి దిగిందా?"

పండగ ముందు రాత్రి, మాట మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటూ నాతో పోట్లాడాడు నా భర్త. గనిలో రాతికి తూట్లు వేసే పని చేసినవాడు. గని మూతబడి ఏళ్లు గడిచినా ఆ దుమ్ము మాత్రం ఆయన రొమ్ములోనుంచి బయటకు రాలేదు. మంచం దిగి దొడ్డివాకిలి దాకా పోవాలన్నా మధ్యలో గోడ పట్టుకొని నిలబడాలి. అట్లాంటి మనిషి ఆ చలిలో, చీకటి విడవకముందే బయట నీళ్లు పోసుకుంటానంటే సరే అనేదానికి నాకేమన్నా పిచ్చా?

ఆకులు మాత్రం నేనే కోసుకొచ్చాను. వాటికి ఖర్చు లేదు. గని కూలీలకు వరసగా కట్టిన మా లైనిళ్ల వెనక సయనైడు దిబ్బ కింద ఇంకేమీ మొలవకపోయినా జిల్లేడు మొలుస్తుంది. బంగారం పిండుకొని పారబోసిన రాతిపిండి అంతా కొండంత అయి మాకు తూర్పున నిలబడింది. ఊరందరికీ తెల్లవారినాక గానీ మా వాకిళ్లకు ఎండ రాదు. నేను పుట్టింది బేతమంగళ పక్కన. అక్కడ సూర్యుడు చెరువు మీదనుంచి ముఖాన కొట్టినట్టు లేచేవాడు. ఆయనకు మొక్కాలని నాకు ఏనాడూ తోచలేదు. అడక్కుండా దొరికేదానికి ఎవరు మొక్కుతారు?

మనవరాలు పక్కనే కూర్చొని కాలేజీ పాఠం చదువుకుంటోంది. తాతను ఊరుకోబెడదామనేమో, పుస్తకంలోనుంచి తల ఎత్తింది.

"తాతా, ఈజిప్టు దేశంలో సూర్యుడు పొద్దు గూకినాక పడవెక్కి భూమి కిందికి పోతాడంట. ఆడ ఒక పెద్ద పాము ఆయన్ని మింగేదానికి వస్తాదంట. రాత్రంతా దాంతో కొట్లాడి గెలిస్తేనే తెల్లారేది."

"గెలవకపోతే?"

"తెల్లారదు. ఆ భయానికే మొక్కినారంట."

ఆయన నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గినాక అన్నాడు: "పడవెందుకమ్మా, మా మాదిరే గని కేజిలో దిగుంటాడు. నైటు షిఫ్టు."

"మన సూర్యుడికి ఏడు గుర్రాల రథం ఉండాది కదా. ఈయనకేం భయం?"

"ఈయన సారథికి కాళ్లు లేవు కదమ్మా. మా మేస్త్రీ మాదిరే, కూర్చున్న చోటు కదలకుండా తోల్తాడు."

నేను నవ్వలేదు. నాకు గని షాఫ్టు గేటు గుర్తొచ్చింది. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు తెల్లవారి, మనుషుల్ని పైకి లాగే ఆ ఇనుప కేజిలోనుంచి బయటకు వచ్చి, కళ్లు చికిలించి, టోపీలు తీసేవాళ్లు. మావాళ్లు చేతులు జోడించేవాళ్లు. క్రైస్తవులు నుదుట శిలువ గీసుకునేవాళ్లు. అందరి ముఖాలూ ఒకే దిక్కుకు ఉండేవి. అట్లా చెయ్యమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

నేను చదివింది మూడో తరగతి. అయినా నాకు తోచింది చెబుతాను. సూర్యుడికి మొదట మొక్కినవాడు పండితుడై ఉండడు. నిప్పు లేని రాత్రి గడిచి, పక్కన పడుకున్నవాడు చలికి మళ్లీ లేవకపోతే, తన ఒంటి మీద మాత్రం వెచ్చగా ఎండ పడితే మొక్కి ఉంటాడు. వాడికి పడవ తెలియదు, రథమూ తెలియదు. అవన్నీ కడుపు నిండినవాళ్లు తర్వాత కల్పించి ఉంటారు.

అంతమాత్రాన సూర్యుడు ఎవరినో కాపాడతాడని నేను అనను. గని లోపల రాయి పడి అక్కడే ఉండిపోయినవాళ్లూ ఆయనకు మొక్కినవాళ్లే.

"నీతోబాటు గేటుకాడ మొక్కినోళ్లు ఇప్పుడు ఎంతమంది ఉండారు?" అని అడిగాను.

"అందుకే. నేనన్నా మొక్కల్ల."

"ఉండే కట్టెలు ఒక కాగుకే సరిపోతాయి. ఎండొచ్చినాకే నీళ్లు కాస్తాను. ఇంగ నోరు మూసుకోని పడుకో" అన్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దున నేను లేచేసరికి మంచం మీద ఆయన లేడు. దొడ్డివాకిలి తీసి ఉంది. ఆయన బట్టలుతికే రాయి మీద కూర్చొని ఉన్నాడు. డ్రమ్ములోని చన్నీళ్లు పోసుకున్నాడు, పంచె తడిసి ఒంటికి అంటుకొని ఉంది. నెత్తిన ఒక ఆకు, భుజాల మీద ఆకులు. ఒకటి జారి మట్టిలో పడింది. దిబ్బ ఇంకా నల్లగానే ఉంది.

లోపలికి పోయి తువ్వాలు తెచ్చాను. తల తుడవబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఉండమన్నట్టు సైగ చేశాడు. కంబళి తెచ్చి కప్పి పక్కనే నిలబడ్డాను. చాలాసేపటికి దిబ్బ అంచు మీద సూర్యుడు కనిపించాడు. మా ఆయన చేతులు జోడించాడు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

మనవరాలిని లేపి, ఇద్దరం ఆయనను లోపలికి మోసుకొచ్చాం. కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయాడు. గోళ్లు నీలంగా మారాయి. మనవరాలు ఆటో కోసం రోడ్డుకు పరిగెత్తింది. నేను తడిపంచె విప్పి, పొడిది చుట్టాను.