రాజవ్వ మొక్కు, నా కేబుల్

కరీంనగర్‌లో మా పక్కింటి రాజవ్వ కుట్టే రవికల డిజైన్లన్నీ ఆమె పాత కంప్యూటర్లోనే ఉన్నాయి. దానికి మానిటర్ తగిలించే వీడియో పోర్టు చెడిపోతే, ఈ రోజు నేనే గ్రాఫిక్స్ కార్డు తెచ్చి బిగించాను. తెర వెలగలేదు. మదర్‌బోర్డే పోయిందని పెద్ద మెకానిక్‌లా తేల్చేశాను.

రాజవ్వ కొండగట్టు హనుమంతుడికి చేతులు జోడించింది. "అంజన్నా, గిది సక్కగైతే కొండగట్టుకు నడుసుకుంట వస్త!"

అప్పుడు చూశాను. మానిటర్ కేబుల్‌ను కొత్త కార్డుకు పెట్టకుండా, చెడిపోయిన పాత పోర్టులోనే ఉంచాను. చప్పుడు చేయకుండా మార్చాను. తెర వెలిగింది.

"సూసినవా బిడ్డా, అంజన్న ఇన్నడు!"

"అవునవ్వా" అన్నాను, సిగ్గులేకుండా.

ఆమెవి అరిగిపోయిన మోకాళ్లు. ఇప్పుడు నిజం చెప్పినా మొక్కు మొక్కే, తీర్చక తప్పదు. మంగళవారం నేనూ ఆమె వెంట నడుస్తున్నాను. కేబుల్ సంగతి తెలిసిన అంజన్న ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలో మీరే చెప్పండి.