సుంకులమ్మ వద్దనని సినిమా

కోడుమూరులో డేరా సినిమా వేసిన మొదటి ఎండాకాలం నుంచే సుంకులమ్మ మాటకు విలువ వచ్చింది. ఆమె మొగుడు మారెన్న ఎద్దుల బండి మీద పీపాతో నీళ్లు తెచ్చి, సాయంత్రం పూట డేరాలో నేల తడిపేవాడు. నేల టికెట్ల వాళ్లు కూర్చునే చోట దుమ్ము లేవకూడదు కాబట్టి ఆ పని రోజూ ఉండేది. కూలి కాక, ఇంట్లో ఒక మనిషి టికెట్ లేకుండా వచ్చి సినిమా చూడవచ్చని డేరా యజమాని మాట ఇచ్చాడు. మారెన్నకు సినిమా మీద ధ్యాస లేదు. దీపాలు ఆర్పితే చాలు, కూర్చున్న చోటే కునుకు తీసేవాడు. అందుకని ఆ అవకాశం సుంకులమ్మకు దక్కింది. కొత్త సినిమా వచ్చిన మొదటి రోజే ఆమె ఆడవాళ్ల వైపు గుంజకు ఆనుకుని కూర్చునేది.

అప్పటికి ఆమెకు నలభై ఏళ్లుంటాయి. అక్షరం ముక్క రాదు. తెర మీద పేర్లు పడుతున్నంతసేపు చీర కొంగుతో విసురుకుంటూ కూర్చుని, మనుషులు కనబడగానే కొంగు ఒళ్లో పెట్టుకునేది. ఆ తర్వాత పక్కన పిల్ల ఏడ్చినా తల తిప్పేది కాదు.

ఎండాకాలంలో ఆడవాళ్లకు ఉండే పని విత్తనపు బుడ్డలు వొలవడం. వేరుశనక్కాయను ఆ వైపు బుడ్డ అంటారు. గింజ మీది ఎర్ర పొర చిట్లితే అది మొలవదు. అందుకని విత్తనానికి వేళ్లతోనే వొలవాలి. ఊళ్లో పెద్ద రైతు ఇంటి వసారాలో ఇరవై మంది దాకా ఆడవాళ్లు వరుసగా కూర్చుని పొద్దుగూకేదాకా ఆ పని చేసేవాళ్లు. చేతులకు పని ఉంటుంది గానీ నోటికి పని ఉండదు. సినిమా మారిన మర్నాడు సుంకులమ్మ వచ్చి కూర్చోగానే అందరూ ఆమె వైపు తిరిగేవాళ్లు.

సుంకులమ్మ కథ చెప్పేది కాదు. ఎవరు పోవచ్చో, ఎవరు పోకూడదో చెప్పేది.

"మహాదేవమ్మా, నువ్వు నీ అత్తను పిల్సకపో. ఆ సినిమాలో అత్తకు బాగా బుద్ధొస్తుంది. ఓబన్న పెండ్లామా, నువ్వు పోవద్దు. దాంట్లో అన్నీ కత్తులే, కడుపుతో ఉండావు, ఎందుకు నీకు?"

భీమక్కకు మాత్రం విడిగా, గొంతు తగ్గించి చెప్పేది. భీమక్కది సుంకులమ్మ ఇంటి పక్క ఇల్లే. డేరా రావడానికి మూడేళ్ల ముందు ఆమె ఐదేళ్ల కూతురు జ్వరంతో పోయింది. మళ్లీ కాన్పు రాలేదు. సినిమాలో పిల్లకు నలతగా ఉందంటే చాలు, "ఇది నీకు వద్దులే భీమక్కా" అనేది సుంకులమ్మ. భీమక్క ఎందుకని అడిగేది కాదు. పోయేది కాదు.

ఇట్లా మూడేళ్లు నడిచింది. పందొమ్మిదివందల యాభై ఐదులో ఆ పెద్ద రైతు ఇంటికి కొత్త కోడలు వచ్చింది.

పేరు రామలక్ష్మమ్మ. ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. కర్నూలు రాజధాని అయినాక ఆమె అన్నకు అక్కడ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. పెళ్లికి ముందు ఏడాది పాటు ఆ అన్న ఇంట్లోనే ఉండి వదినతో కలిసి ప్రతి సినిమా చూసింది. కర్నూలు హాల్లో ఆడిన సినిమా కోడుమూరు డేరాకు వచ్చేసరికి ఆరు నెలలో ఏడాదో పడుతుంది. అంటే డేరాకు రాబోయేవన్నీ ఆ పిల్ల ముందే చూసేసింది. ఇప్పుడు మాత్రం డేరాకు పోవడానికి వీల్లేదు. ఆ ఇంటి ఆడవాళ్లు నేల మీద కూర్చుని సినిమా చూడరు.

మొదట్లో వసారా గడప దగ్గర నిలబడి వినేది. ఒకరోజు తనూ చేటలో బుడ్డలు పోసుకుని వచ్చి కూర్చుంది. సుంకులమ్మ అప్పుడే రాత్రి చూసిన సినిమా గురించి మొదలుపెట్టింది. రామలక్ష్మమ్మ మొహం వెలిగిపోయింది.

"అదా! నేను చూసినాను. తప్పిపోయిన చెల్లెలు పాలమ్మే దానిగా వస్తుంది గదా?" అని మొదలుపెట్టి, ముసలి జమీందారు దగ్గు దగ్గి చూపించి, చెల్లెలు పాడే పాటలో రెండు చరణాలు సన్నగా పాడి, చివరిదాకా చెప్పింది. వొలిచే చేతులు ఆగిపోయాయి. లోపల నుంచి అత్తగారు కేకేస్తే మళ్లీ కదిలాయి.

"సినిమా చూసినట్టే ఉండాది చిన్నమ్మా!" అంది మహాదేవమ్మ.

సుంకులమ్మ తన చేటలోకి చూస్తూ కూర్చుంది. ఇంకా ఆమె చెప్పాల్సింది చాలా ఉంది. ఎవరూ అడగలేదు.

అప్పటి నుంచి ఆమెకు ఆ పిల్ల మాట్లాడినా మంటే, మాట్లాడకపోయినా మంటే. ఆ పిల్ల పలుకు తీరు, జడ ముందుకేసుకునే తీరు, చదువుకున్న వేళ్లతో తమకంటే మెల్లగా బుడ్డలు వొలిచే తీరు అన్నీ కళ్లలో పడేవి. ఇంటికి పోయి రొట్టె తడుతూ మారెన్న మీద విసుక్కునేది.

"ఆయమ్మ కుర్చీలో కూచోని సూసింది. నేను నువ్వు తడిపిన నేల మీద కూచోని సూస్తాండా. ఆయమ్మ మాట గొప్పదైపాయ."

"సూసింది ఒకటే సినిమా గదా," అన్నాడు మారెన్న.

ఆమె రొట్టెను పెనం మీద అంత గట్టిగా వేయడం చూసి అతను ఎద్దులకు మేత వేయడానికి లేచిపోయాడు.

తర్వాతి సినిమా మారినప్పుడు సుంకులమ్మ పొద్దున్నే, అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. రామలక్ష్మమ్మ ఇంకా బయటికి రాలేదు.

"ఈ సినిమాకు ఎవరూ పోవద్దండి," అంది ఆడవాళ్లు కూర్చుంటుండగానే. "వాడు మంచోడని సెప్తారు. పెండ్లాం ఉండంగా ఇంగొకదాని మెడలో తాళి కడతాడు. మల్లా ఏమీ ఎరగనట్టు ఇంటికొస్తాడు. ఎవరూ ఏమీ అనరు. తలాతోకా లేదు."

చేట పట్టుకుని అప్పుడే వస్తున్న రామలక్ష్మమ్మ ఆ మాట విని ఆగింది. ఎగతాళి చేయాలని ఆమెకు లేదు. నిజంగానే సాయం చేస్తున్నాననుకుంది.

"ఆ పెండ్లి నిజం కాదు సుంకులమ్మా. అది వాని పెండ్లానికొచ్చిన కల. ముందర ఆమె పండుకున్నట్టు చూపిస్తారు గదా, పొగ కమ్ముకుంటుంది? నీకు తెలిసినట్టు లేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. వసారా అంతా నవ్వు పాకింది. "కల్లో కట్టిన తాళికి వాన్ని తిడతాండాది సూడు!" అంది మహాదేవమ్మ కళ్లు తుడుచుకుంటూ. సుంకులమ్మ తలెత్తి చూసింది. భీమక్క కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

మిగతా వాళ్ల నవ్వు సాయంత్రానికి ఆమె మరిచిపోయింది. భీమక్క నవ్వు మాత్రం మరిచిపోలేకపోయింది. చూడొద్దన్న ఆ సినిమాకు ఆ వారంలో అందరూ పోయి వచ్చి, బాగుందన్నారు.

వైశాఖం చివరలో ఇంకో సినిమా వచ్చింది. మొగుడు వెళ్లగొట్టిన ఒక ఇల్లాలు పిల్లను ఎత్తుకుని ఊరూరూ తిరిగి, ఒక కుమ్మరి ఇంట్లో తలదాచుకుంటుంది. అక్కడ పిల్లకు జ్వరం వస్తుంది. తల్లి ఒళ్లో పెట్టుకుని జోల పాడుతుండగానే పిల్ల కన్నుమూస్తుంది. సుంకులమ్మ మొదటి రోజే చూసింది. పిల్ల చెయ్యి జారినప్పుడే మనసులో అనుకుంది, రేపు పొద్దున్నే భీమక్కకు చెప్పాలని.

పొద్దున వసారాకు వచ్చేసరికి రామలక్ష్మమ్మ అప్పటికే చెప్పేస్తోంది. కుమ్మరి పెద్దాయన నవ్వించే తీరు, సారె తిప్పుతూ పాడే పాట, అన్నీ అయ్యాయి. చివరి భాగం మాత్రం దాచింది.

"అది చెప్తే మీరు చూసేదానికి బాగుండదు. కొంచెం ఏడుపొస్తుంది గానీ ఇంతకంటే మంచి సినిమా నేను చూడలేదు. అందరూ పోవాల్సిందే. భీమక్కా, నువ్వు గూడా పో. ఎప్పుడూ పోవంట గదా?"

భీమక్క కూతురి సంగతి ఆ పిల్లకు తెలియదు. వచ్చి నాలుగు నెలలే అయింది. ఎవరూ చెప్పలేదు.

భీమక్క అలవాటు కొద్దీ సుంకులమ్మ వైపు వంగి అడిగింది.

"ఏమ్మే, పోవచ్చునా?"

సుంకులమ్మ బుడ్డను నొక్కింది. గింజ చిట్లింది.

"చిన్నమ్మ చెప్పింది గదా. నన్నెందుకడుగుతావు?" అంది.

ఆ రోజంతా పక్కపక్కనే కూర్చున్నారు. చెప్పడానికి చాలా సమయం ఉంది. సాయంత్రం కలిసే ఇంటికి నడిచారు. భీమక్క తల దువ్వుకుని, కనకాంబరాలు పెట్టుకుని, మహాదేవమ్మతో కలిసి డేరా వైపు పోతుంటే సుంకులమ్మ తన గుమ్మంలో నిలబడి చూసింది. అప్పుడైనా పిలవవచ్చు. పిలవలేదు. ఆ సినిమా భీమక్కకు గుచ్చుకుంటే, రేపు అందరి ముందు ఆ పిల్ల మాట చెల్లకుండా పోతుంది. ఆ ఆలోచన అంత స్పష్టంగా రాలేదు గానీ, అది ఉన్నందుకే ఆమె కాళ్లు కదల్లేదు.

మర్నాడు భీమక్క చోటు ఖాళీగా ఉంది.

"ఆ బిడ్డ సచ్చేటప్పుడు లేసింది," అని మహాదేవమ్మ చెప్పింది. "జనాన్ని తొక్కుకుంటా బయటికి పాయ. నేను పిలిస్తే గూడా పలకల్యా."

రామలక్ష్మమ్మ అయోమయంగా చూసింది. ఎవరో కూతురి సంగతి చెప్పారు. ఆ పిల్ల మొహం తెల్లబోయింది. "నాకు తెలీదే! నాకెవరూ చెప్పలేదే!" అంటూ అందరి మొహాలూ చూసింది. ఆడవాళ్లు తల దించుకుని వొలుచుకుంటున్నారు. ఎవరూ ఆమెను ఓదార్చలేదు. సుంకులమ్మకు లోపల ఎక్కడో చల్లగా తగిలింది. ఆ చల్లదనం తెలిసిన వెంటనే తన మీద తనకే రోత పుట్టింది. మధ్యాహ్నం చేట పక్కన పెట్టి భీమక్క ఇంటికి పోయింది.

భీమక్క వాకిట్లో కూర్చుని కొర్రలు చెరుగుతోంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. మొహం మాత్రం తేటగా ఉంది. జరిగింది ఒప్పుకుని కాళ్లు పట్టుకోవాలనే సుంకులమ్మ వచ్చింది. కూర్చునేలోపే భీమక్క మాట్లాడింది.

"బయటికి పోతినా, బండ్ల కాడ నిలబడితినా, లోపల నుంచి ఆ జోలపాట ఇనపడింది. మల్లా పోయి డేరా గుడ్డ ఎత్తి పట్టుకోని ఆఖరుదాకా సూసినా. నా బిడ్డ పొయ్యేటప్పుడు నేను కర్నూలు దావ పక్క చేన్లో కలుపు తీస్తాండా. కబురొచ్చి నేనొచ్చేలోపల గుడ్డ కప్పినారు. యట్ల పోయిందో నాకు తెల్దు. ఆరేండ్లు అదే తలుచుకుంటాండా. నిన్న సూసినట్టయింది సుంకులమ్మా. ఒళ్లో పెట్టుకున్నట్టే అయింది."

చేట ఒకసారి ఎగరేసి మళ్లీ అంది.

"చిన్నమ్మ పొమ్మనబట్టి పోతి. ఆయమ్మకు పుణ్యముంటుంది. నువ్వైతే పోనిచ్చేదానివి కాదు."

ఆ చివరి మాటతో సుంకులమ్మ కళ్లలోకి వచ్చిన నీళ్లు వచ్చిన చోటే ఆగిపోయాయి. మూడేళ్లుగా కాపాడింది తను. పుణ్యం ఆ పిల్లకు పోయింది.

"నేనూ వద్దనల్యా గదా!" అంది. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నేను ముందురోజే సూసినా. దాంట్లో బిడ్డ సస్తుందని నాకు తెలుసు. అయినా నిన్ను ఆపినానా?"

భీమక్క చేతులు ఆగాయి.

"తెలిసీ చెప్పల్యా?"

సుంకులమ్మ ఆమె చేటలోకి చూసింది.

"అడిగితి గదా నిన్ను. నా మంచికే చెప్పల్యా?"

అవునంటే సరిపోయేది. ఆ అబద్ధం నోటిదాకా వచ్చి నిలిచిపోయింది.

"నువ్వు నవ్వినావు," అంది.

"యా పొద్దు?"

"ఆ కల పెండ్లప్పుడు. అందరితో పాటు నువ్వూ నవ్వినావు."

భీమక్క తలెత్తింది. "దానికా?" అని మాత్రం అంది. తర్వాత కొర్రలు చెరగడం మొదలుపెట్టింది. సుంకులమ్మ వెనక్కి వచ్చింది.

మర్నాడు భీమక్క పనికి వచ్చింది గానీ వసారా అవతలి చివర, రామలక్ష్మమ్మ పక్కన కూర్చుంది. జరిగింది ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే నలుగురూ తిట్టేవాళ్లు, సుంకులమ్మ ఎదురు తిట్టేది, అంతటితో అయిపోయేది. అట్లా కాలేదు. రామలక్ష్మమ్మకు మాత్రం భయం పట్టుకుంది. సినిమా మారినప్పుడల్లా ముందు సుంకులమ్మను అడిగేది: "ఎవరెవరు పోవచ్చో నువ్వు చెప్పు, తర్వాత నేను కథ చెప్తాను." సుంకులమ్మ మాటకు పోయిన విలువ తిరిగి వచ్చినట్టే. కానీ ఆ పిల్ల ఇస్తే వచ్చింది. సుంకులమ్మ ముక్తసరిగా "పోవచ్చు" అనో "పోవద్దు" అనో చెప్పి ఊరుకునేది.

మధ్యాహ్నం పూట అందరూ కునుకు తీస్తుంటే ఆ చివర రామలక్ష్మమ్మ ఆ జోలపాట సన్నగా పాడేది. భీమక్క మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని వినేది. సుంకులమ్మ కళ్లు మూసుకుని, నిద్రపోతున్నట్టు పడుకుని, ప్రతి చరణమూ వినేది. ఆ పాట తనకూ వచ్చు. పాడమని ఎవరూ అడగలేదు.

వానలు పడ్డాయి. డేరా విప్పి బండ్లకెత్తుకుని పోయారు. విత్తనాలప్పుడు, కలుపులప్పుడు ఇద్దరూ ఒకే చేలో పని చేశారు. పని మాటలు తప్ప ఇంకో మాట లేదు.

మరుసటి ఎండాకాలం రామలక్ష్మమ్మ కాన్పుకు పుట్టింటికి పోయింది. డేరా మళ్లీ వచ్చింది. మొదటి సినిమా చూసి వచ్చి సుంకులమ్మ వసారాలో కూర్చుంటే మహాదేవమ్మ అడిగింది.

"యట్లుండాది సినిమా?"

"శానా బాగుండాది. ఆ పెద్ద కొడుకు తల్లికోసం పడే పాట్లు సూస్తే..."

"నాకు బాగాల్యా," అని అవతలి చివర నుంచి వినిపించింది. భీమక్క. ఎవరినీ అడక్కుండా తనూ మొదటి రోజే పోయి చూసింది. "ఆ పెద్ద కొడుకు ఉట్టి మాటలోడు. చిన్నోడే నయం."

"చిన్నోడా? తల్లిని వాకిట్లో నిలబెట్టినోడు నయమా?"

"నిలబెట్టింది వాడు కాదు, వాని పెండ్లాము. నువ్వు సరిగా సూడల్యా."

సుంకులమ్మకు ఒళ్లు మండింది. చేట పక్కకు తోసి, మోకాళ్ల మీద భీమక్క వైపు తిరిగి కూర్చుంది. ఏడాది తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని మాట్లాడుకోవడం అదే. పొద్దుగూకేదాకా పెద్ద కొడుకు గురించి, చిన్న కొడుకు గురించి వాదించుకున్నారు. మిగతా ఆడవాళ్లు చెరి సగమై అటు కొందరు, ఇటు కొందరు చేరారు. ఎవరూ ఒప్పుకోలేదు. ఆ రోజు ఇద్దరూ వొలిచిన గింజలు మామూలు కంటే బాగా తగ్గాయని రామలక్ష్మమ్మ అత్తగారు సణిగింది.